మందుల జాబితాలో నేను రాయని పేరు

ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఒక కాగితం చేతికిస్తారు. పేరు, వయసు, పాత జబ్బులు, ఏ మందు పడదు అన్నవన్నీ నింపాక, ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అని ఒక గడి వస్తుంది. ఆ గడిలో నేను నాలుగు నెలల పాటు ఒకే పేరు రాశాను: వార్ఫరిన్. పిక్కలో రక్తం గడ్డకట్టినప్పుడు మొదలుపెట్టిన మందు అది. రెండో పేరు రాయలేదు, ఎందుకంటే నా లెక్కలో అది మందు కాదు. ఒక పసుపుపచ్చని పువ్వు సారాన్ని ఎండబెట్టి క్యాప్సూల్‌లో నింపిన మూలిక. పేరు సెయింట్ జాన్స్ వోర్ట్. డిప్రెషన్ తగ్గడానికి దాన్ని రోజుకు మూడు చొప్పున వేసుకునేదాన్ని. ఆ సంగతి డాక్టరుకే కాదు, ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

మూలికలతో డిప్రెషన్ తగ్గుతుందా అని అడిగితే ఎక్కువగా రెండు జవాబులు దొరుకుతాయి. ‘ప్రకృతి ఇచ్చింది కదా, హాని ఏముంది, వాడి చూడండి’ అనేది ఒకటి. ‘అదంతా భ్రమ, డబ్బు దండగ’ అనేది రెండోది. అప్పట్లో నేను మొదటి జవాబును నమ్మాను. తర్వాత నాకు జరిగింది విన్నవాళ్ళలో కొందరు రెండో జవాబును నా చేత ఒప్పించాలని చూశారు. నేను రెండింటినీ ఒప్పుకోను. కొన్ని మూలికలు నిజంగా పనిచేస్తాయి. పనిచేస్తాయి కాబట్టే వాటిని చాటుగా వాడకూడదు. నేను ఇక్కడ వాదించబోయేది ఇంతే, కానీ దీన్ని తెలుసుకోవడానికి నా శరీరం చాలా ఖర్చు పెట్టింది.

ముందు నా పరిస్థితి చెప్పాలి. డిప్రెషన్ తీవ్రతను కొలవడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో చూసి 0 నుంచి 3 వరకు మార్కు వేసుకోవాలి. మొత్తం 27. అందులో 5 నుంచి 9 వస్తే తేలికపాటి డిప్రెషన్, 10 నుంచి 14 వస్తే మధ్యస్థం, ఆపైన తీవ్రత పెరుగుతూ పోతుంది. నాకు 12 వచ్చింది. కాగితం మీద అది మధ్య మెట్టు. బతుకులో అదెలా ఉంటుందంటే, పొద్దున మెలకువ వచ్చాక మంచం దిగడానికి గంట పడుతుంది. ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది. ఎత్తి మామూలుగానే మాట్లాడతాం, నవ్వుతాం కూడా. పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చుంటాం. ఉద్యోగం పోదు, పనులు ఆగవు, ఎవరికీ అనుమానం రాదు. ఒకప్పుడు ఇష్టంగా చేసిన పని కళ్ళ ముందే ఉన్నా దాని మీద చెయ్యి వెయ్యబుద్ధి కాదు. ‘తేలికపాటి’, ‘మధ్యస్థం’ అన్న మాటలు బయటి నుంచి కొలిచేవాళ్ళవి. లోపల ఉన్నవాళ్ళకు ఆ మాటల్లో తేలిక ఏమీ ఉండదు.

మొదట ఒక డాక్టరు దగ్గరికే వెళ్ళాను. నేను రెండు వాక్యాలు చెప్పేసరికి ఆయనకు అర్థమైపోయింది, లేదా అర్థమైందని అనుకున్నారు. ‘టెన్షన్ ఎక్కువ పెట్టుకోకండమ్మా, మనసు గట్టి చేసుకోండి’ అని నిద్రమాత్ర రాసిచ్చారు. మనసు గట్టి చేసుకోవడం నా చేతిలో ఉంటే అక్కడిదాకా ఎందుకు వెళ్తాను? ఆ రోజు ఇంటికి వచ్చి ఇక ఎవరినీ అడగకూడదని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయమే నన్ను క్యాప్సూల్ డబ్బా దాకా తీసుకెళ్ళింది.

నేను మూలికనే ఎందుకు ఎంచుకున్నానో అప్పుడు నన్ను అడిగితే ‘సైడ్ ఎఫెక్టులు ఉండవు కదా’ అనేదాన్ని. అది అసలు కారణం కాదు. డిప్రెషన్ మాత్ర కావాలంటే ఒక మనిషి ఎదుట కూర్చుని నాకిలా ఉంది అని నోరు తెరిచి చెప్పాలి. చీటీ మీద ఒక జబ్బు పేరు పడుతుంది. మూలికకు ఏ చీటీ అక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండానే వైద్యం చేసుకోవచ్చు. నాకు కావలసింది అదే. మూలికల వైపు వెళ్ళేవాళ్ళలో నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారని నా నమ్మకం. వాళ్ళను అమాయకులనో చదువులేనివాళ్ళనో తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం. వాళ్ళు వెతుకుతున్నది సిగ్గుపడకుండా బాగుపడే దారి.

ఇక ఆ మొక్క గురించి. సెయింట్ జాన్స్ వోర్ట్ శాస్త్రీయ నామం హైపెరికం పెర్ఫోరేటం. యూరప్, పశ్చిమాసియా ప్రాంతాల్లో సహజంగా పెరుగుతుంది. ఆకును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే సూదితో పొడిచినట్టు సన్నని పారదర్శకమైన చుక్కలు కనిపిస్తాయి. పేరులోని ‘పెర్ఫోరేటం’ వాటి వల్లే వచ్చింది. పసుపుపచ్చని పూమొగ్గను వేళ్ళ మధ్య నలిపితే ఎర్రటి రంగు అంటుతుంది. యూరప్‌లో జూన్ 24న జరుపుకునే సెయింట్ జాన్ పండుగ రోజుల్లో పూస్తుంది కాబట్టి ఆ పేరు. ఇందులో ముఖ్యంగా చెప్పుకునే పదార్థాలు రెండు, హైపెరిసిన్, హైపర్‌ఫోరిన్. మెదడులో మనసు తీరును ప్రభావితం చేసే సెరొటోనిన్, డోపమిన్, నారెపినెఫ్రిన్ లాంటి రసాయనాలను కణాలు తిరిగి లోపలికి పీల్చుకోకుండా హైపర్‌ఫోరిన్ అడ్డుకుంటుంది. డాక్టర్లు రాసే డిప్రెషన్ మాత్రల్లో చాలావాటి పని కూడా దాదాపు ఇలాంటిదే, దారి కొంచెం వేరు.

ఇది వట్టి నమ్మకం కాదనడానికి ఆధారాలున్నాయి. జర్మనీలో డాక్టర్లు దీన్ని దశాబ్దాలుగా రాస్తున్నారు. 2008లో క్లౌస్ లిండే అనే పరిశోధకుడి బృందం, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ కోసం చేసిన సమీక్షలో 29 ట్రయల్స్‌ను (రోగుల మీద చేసే మందు పరీక్షలను), 5,489 మంది రోగుల వివరాలను ఒకచోట పెట్టి చూశారు. లోపల మందే లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఈ సారం మెరుగ్గా పనిచేసిందని, మామూలు డిప్రెషన్ మాత్రలతో దాదాపు సమానంగా ఉందని, సైడ్ ఎఫెక్టుల వల్ల మధ్యలో మానేసినవాళ్ళు తక్కువని తేలింది. అదే సమీక్ష ఇంకో మాట కూడా చెప్పింది. జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన ట్రయల్స్‌లో ఫలితాలు మిగతాచోట్ల కంటే బాగా వచ్చాయి. అక్కడి రోగులు వేరా, ట్రయల్స్ నడిపిన తీరు వేరా అన్నది తేలలేదు. మూలికలను అమ్మేవాళ్ళు మొదటి మాట దగ్గరే ఆగిపోతారు.

అమెరికాలో 2002లో 340 మందితో చేసిన పెద్ద ట్రయల్ దీనికి విరుద్ధంగా వచ్చింది. కొందరికి ఈ సారం, కొందరికి సెర్ట్రలిన్ అనే ప్రసిద్ధమైన డిప్రెషన్ మాత్ర, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత పూర్తిగా స్పందించినవాళ్ళు మూలిక వాడినవాళ్ళలో సుమారు 24 శాతం, సెర్ట్రలిన్ వాడినవాళ్ళలో 25 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 32 శాతం. మూలిక దండగ అనేవాళ్ళు ఈ ట్రయల్‌నే చూపిస్తారు. సెర్ట్రలిన్ కూడా అందులో ముఖ్యమైన కొలతల్లో ఉత్తుత్తి మాత్రను దాటలేదన్న సంగతి మాత్రం దాటేస్తారు. పైగా అందులో పాల్గొన్నవాళ్ళ డిప్రెషన్ మధ్యస్థం కంటే కాస్త ఎక్కువే.

ఆ 32 శాతం దగ్గర నేను చాలాసేపు ఆగాను. లోపల మందే లేని మాత్ర వేసుకున్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది బాగా కోలుకున్నారు. అది వాళ్ళ భ్రమ అనుకుంటే పొరపాటు. వాళ్ళను ఎనిమిది వారాల పాటు క్రమం తప్పకుండా ఒక మనిషి కూర్చోబెట్టి ఎలా ఉన్నారని అడిగాడు, నిద్ర గురించి అడిగాడు, చెప్పింది రాసుకున్నాడు. పైగా ఈ స్థాయి డిప్రెషన్ కొందరిలో కాలంతో పాటు తనంతట తానే తగ్గుతుంది కూడా. కాబట్టి ఎవరైనా ‘నేను ఫలానా మూలిక వాడాను, తగ్గింది’ అంటే వాళ్ళకు తగ్గిందన్న మాట నేను నమ్ముతాను. ఆ మూలిక వల్లే తగ్గిందా అన్నది వాళ్ళూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నా సంగతీ అంతే. క్యాప్సూళ్ళు మొదలుపెట్టిన నాలుగో వారంలో పొద్దున్నే లేవడం కొంచెం తేలికైంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడడం తగ్గింది. మూలిక పనిచేసిందనే అనుకున్నాను, ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటాను.

అదే నాలుగో వారంలో అది ఇంకోచోట కూడా పనిచేస్తోంది. ఆ సంగతి నాకు తెలియదు.

వార్ఫరిన్ వాడేవాళ్ళు క్రమం తప్పకుండా ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చేయించుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో అది చెబుతుంది. నాలాంటివాళ్ళకు అది 2కి 3కి మధ్య ఉండాలి. తగ్గితే మళ్ళీ గడ్డ కట్టే ప్రమాదం, బాగా పెరిగితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం. నాది చాలాకాలంగా 2.4 దగ్గర నిలకడగా ఉండేది. ఆ నెల 1.5కి పడిపోయింది. ‘కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా?’ అని అడిగారు. లేదన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు. రోజూ మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా అని ఇంకో రెండుసార్లు అడిగి, వార్ఫరిన్ డోసు పెంచారు. రెండు వారాల తర్వాత అది కూడా చాలక ఇంకొంచెం పెంచారు.

జరిగింది ఇది. మన కాలేయంలో మందులను విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. శరీరంలోకి కొత్త పదార్థం వచ్చినప్పుడు ఆ ఎంజైముల తయారీని పెంచమని చెప్పే ఒక స్విచ్చు కూడా ఉంటుంది. దాని పేరు పీఎక్స్ఆర్. హైపర్‌ఫోరిన్ ఆ స్విచ్చును చాలా గట్టిగా నొక్కుతుంది. ఒకటి రెండు వారాల్లో ఎంజైములు పెరుగుతాయి, అవి ఈ మూలికనే కాదు, రక్తంలో ఉన్న ఎన్నో ఇతర మందులను కూడా వేగంగా ఖాళీ చేసేస్తాయి. మనం మందు సరిగ్గానే వేసుకుంటాం, శరీరం దాన్ని నిలవనివ్వదు. 2000 సంవత్సరంలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన రెండు నివేదికలు దీన్ని ప్రపంచానికి చూపించాయి. ఇండినవిర్ అనే హెచ్ఐవీ మందుతో పాటు ఈ సారం ఇస్తే రక్తంలో ఆ మందు సగటున 57 శాతం తగ్గింది. జ్యూరిక్‌లో గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగుల్లో, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ స్థాయి ఈ మూలిక వల్ల పడిపోయింది. తిరస్కరణ మొదలైంది. వాళ్ళు కూడా నాలాగే మనసు బాగోలేక ఒక మూలిక వేసుకున్న మనుషులే.

ఆ జాబితా పొడవైనది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్ళకు అవి పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, కొన్ని మూర్ఛ మందులు, కొన్ని క్యాన్సర్ మందులు, వీటన్నిటితో గొడవే. డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్రతో కలిపి వేసుకుంటే ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. రెండూ సెరొటోనిన్‌నే పెంచేవి కాబట్టి అది మితిమీరి సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. చెమటలు, వణుకు, జ్వరం, గుండె వేగం, గందరగోళం, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ‘మాత్ర వేసుకుంటున్నావు కదా, తోడుగా ఇది కూడా వేసుకో’ అని ప్రేమగా సలహా ఇచ్చేవాళ్ళకు ఈ ఒక్క విషయమైనా తెలిసి ఉంటే బాగుండును.

మళ్ళీ నా కథకు వస్తాను, ఎందుకంటే అసలు తప్పు ఇప్పుడు చేశాను. ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో చదువుతుంటే వార్ఫరిన్, సెయింట్ జాన్స్ వోర్ట్ రెండు పేర్లూ ఒకే వాక్యంలో కనిపించాయి. ఒళ్ళు చల్లబడింది. తెల్లారి క్యాప్సూల్ డబ్బా బయట పారేశాను. డాక్టరుకు ఫోన్ చేయలేదు. చేస్తే, ఎందుకు వాడారు అని అడుగుతారు. ఎందుకు వాడానో చెప్పాలి. మానేశాను కదా, ఇక సమస్య లేదు కదా అనుకున్నాను. ఆ మూలిక ఉన్నప్పుడు దానికి సరిపడేలా వార్ఫరిన్ డోసు రెండుసార్లు పెంచారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మూలిక ఆగిపోయాక ఎంజైములు మెల్లగా మామూలు స్థాయికి దిగాయి. పెంచిన వార్ఫరిన్ మాత్రం అలాగే లోపలికి వెళ్తోంది. రెండు వారాలకు పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. మోచేతి మీద ఎక్కడా తగలకుండానే నల్లగా కమిలింది. ఐఎన్ఆర్ 5.1.

ఆ రోజు అక్క నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో దానికే మొదట చెప్పాను. ‘అక్కా, నేను నాలుగు నెలల పాటు ఒక మూలిక వేసుకున్నా’ అన్నాను. దేనికే అంది. చెప్పాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘నాకు చెప్తే ఏమైపోయేదే’ అని మాత్రం అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నాకు హాని చేసింది మూలికేనా? అక్క, డాక్టరు, వార్ఫరిన్ చూసేవాళ్ళు, వీళ్ళలో ఒక్కరికి ముందే తెలిసి ఉన్నా ఇది మొదటి వారంలోనే ఆగేది. మూలిక తన పని తాను చేసింది. దాని గురించి నేను నోరు విప్పకపోవడం వల్ల ఒకసారి కాదు, రెండుసార్లు ప్రమాదంలో పడ్డాను, వేసుకునేటప్పుడు ఒకసారి, మానేసేటప్పుడు ఒకసారి. మానేయడం కూడా చెప్పి చేయాల్సిన పనే అన్న సంగతి ఎక్కడా పెద్ద అక్షరాలతో రాసి ఉండదు. అందుకే నేను రాస్తున్నాను.

ఇక మిగతా మూలికలు. కుంకుమపువ్వు గురించి ఈ మధ్య చాలామంది మాట్లాడుతున్నారు. టెహ్రాన్‌లోని పరిశోధకులు రోజుకు 30 మిల్లీగ్రాముల సారంతో వరుసగా ట్రయల్స్ చేశారు. 2005లో 40 మందిలో సగానికి ఇది, సగానికి ఫ్లూఓక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర ఇచ్చి ఆరు వారాలు చూస్తే రెండిటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. ఆశ పుట్టించే సంగతే. కానీ 40 మందిలో తేడా కనిపించలేదంటే రెండూ సమానమని తేలినట్టు కాదు. అంత చిన్న గుంపులో నిజంగా తేడా ఉన్నా కంటికి ఆనకపోవచ్చు. పైగా ప్రపంచంలో కల్తీ ఎక్కువగా జరిగే సరుకుల్లో కుంకుమపువ్వు ఒకటి. ట్రయల్‌లో వాడింది, మన చేతికి వచ్చింది ఒకటేనని ఎవరు హామీ ఇస్తారు?

రోడియోలా అనే చల్లని ప్రాంతాల మొక్క మీద 2015లో వచ్చిన ట్రయల్‌లో 57 మందే ఉన్నారు. మూలికకు, సెర్ట్రలిన్‌కు, ఉత్తుత్తి మాత్రకు మధ్య గణాంకపరంగా తేడా తేలలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం సెర్ట్రలిన్ కంటే తక్కువ. అశ్వగంధను ఎక్కువగా ఒత్తిడికి, నిద్రకు పరీక్షించారు, డిప్రెషన్‌కు దాని ఆధారం బలహీనం. కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు, థైరాయిడ్ హార్మోన్లు పెరిగినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది, డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. పసుపులోని కుర్కుమిన్ మామూలుగా ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకని మిరియాల్లోని పిపెరిన్ కలిపి అమ్ముతారు. పిపెరిన్ వల్ల కుర్కుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగినట్టు 1998లో ఒక చిన్న అధ్యయనంలో కనబడింది. కుర్కుమిన్‌ను ఒంట్లో ఎక్కువసేపు నిలిపే ఆ పిపెరిన్, మనం వేసుకునే ఇతర మందులను కూడా అలాగే నిలిపేయగలదు. నాకు జరిగినదానికి ఇది తిరగేసిన బొమ్మ.

‘సహజం’ అనే మాట దగ్గర నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సర్పగంధ. శతాబ్దాలుగా వాడుకలో ఉన్న వేరు. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది రక్తపోటుకు ప్రసిద్ధమైన మందు అయింది. కొద్ది సంవత్సరాల్లోనే దాన్ని వాడుతున్నవాళ్ళలో కొందరు గాఢమైన దిగులులోకి జారిపోతున్నారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. రిసర్పిన్ మెదడులోని సెరొటోనిన్, నారెపినెఫ్రిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని తెలిసింది. డిప్రెషన్‌కు కారణం ఈ రసాయనాలు తగ్గడమేనన్న సిద్ధాంతానికి అది ఒక పునాదిరాయి అయింది. ఎంతమందికి నిజంగా అలా జరిగిందన్న లెక్కలను తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు, ఆ సిద్ధాంతం కూడా ఇప్పుడు అంత నేరుగా నిలబడదు. కానీ నాకు కావలసిన పాయింటు చిన్నది. మనసును పైకి లేపగల మొక్క ఉన్నప్పుడు, కిందికి లాగగల మొక్క కూడా ఉంటుంది. ఒక వేరు మన మెదడులోకి వెళ్ళి నిల్వలు ఖాళీ చేసేటప్పుడు అది నేలలో పుట్టిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా అని మెదడు అడగదు.

ఫ్యాక్టరీ అంటే ఇంకో సంగతి. మూలికలను సమర్థించేవాళ్ళు ఒక్క విషయంలో నాతో పోట్లాడకుండా ఉండాలని నా కోరిక. డబ్బాలో ఏముందో తెలియాలి. సెయింట్ జాన్స్ వోర్ట్ ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది ప్రమాణీకరించిన సారం, మామూలుగా రోజుకు 900 మిల్లీగ్రాములు, మూడు విడతలుగా. పంట ఎప్పుడు కోశారు, ఎలా ఎండబెట్టారు, ఏ ద్రావకంతో సారం తీశారు అన్నదాన్ని బట్టి లోపలి పదార్థాలు మారిపోతాయి. హైపర్‌ఫోరిన్ వెలుతురుకూ గాలికీ చెడిపోతుంది. ఒకే పేరున్న రెండు డబ్బాల్లో రెండు వేర్వేరు మందులు ఉండవచ్చన్నమాట. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2009లో సరిగ్గా ఇదే చెప్పింది. తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌కు ఈ మూలిక ఉపయోగపడవచ్చన్న ఆధారం ఉందని ఒప్పుకుంటూనే, డోసు ఖాయంగా తెలియదు, సరుకులో తేడాలున్నాయి, ఇతర మందులతో గొడవ ఉంది కాబట్టి డాక్టర్లు సలహా ఇవ్వవద్దంది. ఐర్లాండ్ 2000లోనే దీన్ని చీటీ మీద మాత్రమే ఇచ్చే మందుగా మార్చింది. నాకు ఐర్లాండ్ పద్ధతే నచ్చింది. అది మూలికను అవమానించడం కాదు, మందుగా గౌరవించడం. చీటీ ఉంటే కనీసం ఒక మనిషి ‘ఇంకేం వాడుతున్నారు’ అని అడుగుతాడు.

అడగడం విషయంలో డాక్టర్ల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ‘మందులు వాడుతున్నారా?’ అన్న ప్రశ్న సరిపోదు. మూలిక వాడేవాళ్ళ మనసులో అది మందుల లెక్కలోకి రాదు. ‘మాత్రలు, చూర్ణాలు, కషాయాలు, విటమిన్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి, ఏవైనా?’ అని విడివిడిగా అడగాలి. అడిగేటప్పుడు గొంతులో వెటకారం ఉండకూడదు. వెటకారం వినిపించిన మరుక్షణం రోగి ‘ఏమీ లేదండి’ అంటాడు. నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే ఐఎన్ఆర్ 1.5 దగ్గరే విషయం తెలిసిపోయేది. అలా అడగలేదు కాబట్టి తప్పు వాళ్ళదేనని నేను అనడం లేదు. నా తప్పు నాదే. కానీ మొదటి డాక్టరు ఆ రోజు నా రెండు వాక్యాల తర్వాత మూడోది కూడా విని ఉంటే, నేను ఆ డబ్బా కొనేదాన్నే కాదేమో.

మూలిక వైపు చూస్తున్నవాళ్ళకు ముందు ఒక పని చెబుతాను. రక్త పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, రక్తహీనత ఉన్నా డిప్రెషన్ లాగే ఉంటుంది. నీరసం, ఆసక్తి లేకపోవడం, మతిమరుపు అన్నీ అవే. అప్పుడు ఏ పువ్వూ పనిచేయదు, ఏ డిప్రెషన్ మాత్రా సరిగ్గా పనిచేయదు. ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర అక్కర్లేనంత హుషారు, ఆగని మాటలు, విచ్చలవిడిగా ఖర్చులు చేసిన అనుభవం ఉంటే సెయింట్ జాన్స్ వోర్ట్ ముట్టుకోవద్దు. బైపోలార్ ఉన్నవాళ్ళను అది ఉన్మాదంలోకి నెట్టగలదు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు కూడా దీని జోలికి పోవద్దు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. దానికి మీ జవాబు సున్నా కాకపోతే మూలికల గురించి ఆలోచించే సమయం కాదిది. ఈరోజే, పక్కనున్న మనిషికి చెప్పి, డాక్టరు దగ్గరికో హెల్ప్‌లైన్‌కో వెళ్ళాలి. ఒంటరిగా ఉండొద్దు.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానని అక్క స్నేహితురాలు ఒకామె అడిగింది. ఆమె కూడా ఏదో మూలిక వాడాలనుకుంటోంది. వారానికోసారి ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నాను. మొదట్లో ఆవిడ నాకు ఇచ్చిన పని చాలా చిన్నది. మనసు రాకపోయినా సరే, ఒకప్పుడు ఇష్టమైన పనుల్లో ఒకటి, రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు చేయడం. చేశాక ఎలా ఉందో రాసుకోవడం. ఇష్టం ముందు రాదు, పని చేశాక వెనక నుంచి వస్తుందని ఆవిడ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మూడో వారం నోటుబుక్కు తిరగేస్తే కనిపించింది. రోజూ గబగబా నడుస్తాను. తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌కు ఈ రెండింటికీ ఉన్న ఆధారం చాలా మూలికల కంటే గట్టిది, పైగా ఇవి వార్ఫరిన్‌తో కొట్లాడవు. పీహెచ్‌క్యూ-9లో పోయిన నెల నాకు 6 వచ్చింది.

ఆమెకు మూలిక వద్దని చెప్పలేదు. ఆమె వేరే మందులు వాడుతోందా అని అడిగాను. ఏమీ లేవంది. కాసేపు ఆగి, గర్భనిరోధక మాత్ర వేసుకుంటానని, అది మందు కాదు కదా అని అంది. నేను మా డాక్టరు దగ్గర తీసుకున్న ఖాళీ కాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అన్న గడి మీద వేలు పెట్టాను. ‘దీంట్లో ఆ మాత్ర పేరు రాయండి. పక్కనే మీరు కొనబోయే మూలిక పేరు కూడా రాయండి. కొనకముందే ఈ కాగితం డాక్టరుకు చూపించండి’ అన్నాను. ఆమె పెన్ను అడిగింది.